చిగురొచ్చిందని తొందరపడకండి

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి మరైగూడ చుట్టుపక్కల అడవుల్లో తునికి పొదలు నరికే పని మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఆ పక్క సుక్మా జిల్లా అయినా, ఈ పక్క మన దుమ్ముగూడెం మండలమైనా పద్ధతి ఒకటే. పొదను నేలమట్టంగా కొట్టేస్తారు. కొత్తగా చూసేవాళ్లకు పాపం అనిపిస్తుంది. నెలన్నర తిరిగేసరికి ఆ మొదళ్లలోంచి పిలకలు లేచి, వాటికి మెత్తటి వెడల్పాటి ఆకు వస్తుంది. బీడీకి కావలసింది ఆ ఆకే. ఎండాకాలం కల్లాల్లో యాభై ఆకుల కట్టలు వరసలుగా ఎండుతున్నాయంటే, అంతకుముందు పడిన గొడ్డలి దెబ్బే కారణం.

ఇది చూస్తూ పెరిగినవాళ్లకు చెట్టును ఎంత నరికినా మళ్లీ వస్తుందన్న నమ్మకం కుదురుతుంది. మంచి నమ్మకమే. కానీ బోన్సాయ్ చేద్దామని గోడలోంచో గట్టుమీంచో ఒక ముదురు మొక్కను తవ్వి తెచ్చినప్పుడు ఈ నమ్మకమే కొంప ముంచుతుంది. తునికి పొదకు పోయింది పైభాగం ఒక్కటే. కింద వేళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎప్పటిలాగే నీళ్లు తోడి పైకి పంపుతున్నాయి. మనం తెచ్చిన చెట్టుకు పోయినవి ఆ వేళ్లే. గడ్డపార వేసిన చోట లావు వేళ్లు తెగుతాయి, మట్టి రాలిన చోట పీచువేళ్లు పోతాయి. నీళ్లు తాగేది పీచువేళ్ల కొసలే కాబట్టి, ఇంటికి చేరేసరికి మన చేతిలో ఉన్నది దాదాపుగా నోరు లేని చెట్టు. అయినా మూడు నాలుగు వారాల్లో చిగురిస్తుంది. అది చూసి, బతికేసిందనుకుంటాం.

అలా అనుకున్న రోజు నుంచే ఆ చెట్టుకు కష్టాలు మొదలవుతాయి. ఈ అధ్యాయమంతా ఆ రోజుకూ, చెట్టు నిజంగా బతికిన రోజుకూ మధ్య నడిచే కాలం గురించే.

ఎక్కడ తవ్వాలి

ముందుగా ఒక మాట. అడవిలో తవ్వకండి. రిజర్వు అడవిలో చెట్టు పెకలించడం అటవీ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, కొండవాలున యాభై ఏళ్లు ఒదిగి పెరిగిన చెట్టును మన వరండా కోసం లేపుకురావడం నాకు రుచించదు. అవసరం కూడా లేదు. మన ఊళ్లలో చెట్టు తనంత తానుగా తప్పు చోట మొలుస్తూనే ఉంటుంది. పాత పెంకుటింటి గోడ నెర్రెలో రావి, వాడకం పోయిన బావి ఒరల మధ్య జువ్వి, వాటర్ ట్యాంకు కింద మర్రి. పక్షి రెట్టలో వచ్చిన గింజ అక్కడ పడి, పిడికెడు మట్టి లేకుండా పదేళ్లు బతికి, మణికట్టంత లావు ఎక్కుతుంది. ఇంటివాళ్లు ఏటా దాన్ని నరుకుతారు, అది ఏటా చిగురిస్తుంది. నరికిన చోటల్లా ముడి పడి, మొదలు లావెక్కి, బోన్సాయ్ వాళ్లు నర్సరీలో ఇరవై ఏళ్లు కష్టపడి తెచ్చే ఆకారం ఉత్తపుణ్యానికి తయారవుతుంది. ఇల్లు కూల్చేటప్పుడో, గోడకు సిమెంటు చేసేటప్పుడో యజమానిని అడిగితే, పీకి పెడితే చాలు బాబూ అంటాడు. రోడ్డు వెడల్పు చేసే చోట చింత, పొలం గట్టు సరిచేసే చోట సీమచింత, పాత కాంపౌండు తీసేసే చోట కాగితం పూలచెట్టు కూడా ఇలాగే దొరుకుతాయి. అక్కడైనా స్థలం ఎవరిదో కనుక్కొని, అనుమతి తీసుకొనే గునపం ఎత్తాలి.

ఎప్పుడు

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. గోదావరి, శబరి నదుల మధ్య ఉన్న ఈ పట్టీలో అది ఉత్త సామెత కాదు. ఏప్రిల్, మేలలో తవ్విన చెట్టును కాపాడటం ఆసుపత్రి పనే. మృగశిర వచ్చి, రెండు మంచి వానలు పడి, నేలలోంచి ఆవిరి లేచే రోజుల్లో రావి, మర్రి, జువ్వి జాతుల్ని తీయండి. గాలిలో తేమ నిండుగా ఉంటుంది కాబట్టి ఆకుల నుంచి, బెరడు నుంచి పోయే నీరు తగ్గుతుంది. నేల వెచ్చగా ఉంటుంది కాబట్టి కొత్త వేరు త్వరగా కదులుతుంది. ఈ రెండూ ఒకేసారి కలిసొచ్చే కాలం మనకు జూన్ నడిమి నుంచి ఆగస్టు దాకా. చలికాలంలో, ముఖ్యంగా పుష్యమాసపు చలిలో, వీటిని ముట్టుకోకపోవడమే మంచిది.

అటవీశాఖ నర్సరీల్లో టేకు స్టంపులు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఏడాది వయసు టేకు మొక్కను పీకి, పైన అంగుళం కాండం, కింద జానెడు తల్లివేరు మిగిల్చి, పక్కవేళ్లన్నీ చెక్కేస్తారు. ఆ ముల్లంగి లాంటి ముక్కను తొలకరికి గడ్డపారతో చేసిన బెజ్జంలో దించి, చుట్టూ మట్టి అదిమి వెళ్లిపోతారు. తోటలకు తోటలు అలాగే లేచాయి. కింద ఎంత కోశారో పైన అంతకు తగ్గట్టు కోయడం, వానకు ముందు కాకుండా వానతోపాటు నాటడం, నాటాక కదపకపోవడం. ముదురు చెట్టుకైనా ఈ మూడే కావాలి.

తవ్వకం, కుండీ

దీని గురించి ఎక్కువ చెప్పను. గోడ మొక్కయితే సుత్తి, ఉలి పట్టుకొని ఇటుకను పగలగొట్టండి, వేరును మాత్రం గుంజకండి. గుంజితే వేరు బెరడు తొడుగులా ఊడొచ్చి, లోపలి కర్ర గోడలోనే ఉండిపోతుంది. తెగిన లావు వేళ్లను పదునైన రంపంతో నున్నగా కోయండి. కారే పాలను నీళ్లతో కడిగి, అవి ఆగేదాకా నీడలో ఉంచండి. ఈలోగా మిగిలిన వేళ్లు ఆరిపోకుండా తడి గోనె చుట్టాలి. పైన కొమ్మల్ని ధైర్యంగా తగ్గించండి. మర్రికైతే వేరు ఒక్కటీ రాకపోయినా భయం లేదు, లావుపాటి కొమ్మ పాతినా వేరు పోసుకునే జాతి అది. రావి అంత తేలిగ్గా పలకదు. రావికి కనీసం రెండు మూడు పీచువేళ్ల గుత్తులైనా మిగిలేట్టు చూసుకోవాలి.

మన్ను విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ప్రేమ ఎక్కువై చేసేది. పేడ ఎరువు, నల్లమట్టి, వేపపిండి కలిపి బలమైన తిండి పెడతారు. వేరే లేని చెట్టు తినేదేముంది? ఆ తడి మట్టిలో గాలి ఆడక కోసిన వేరు కుళ్లుతుంది. ఇటుక ముక్కల్ని శనగగింజ సైజుకు కొట్టి, జల్లించి పొడి తీసేసి, కడిగిన ముతక ఇసుక, కొద్దిగా కొబ్బరిపొట్టు కలపండి. పోసిన నీళ్లు వెంటనే అడుగు నుంచి కారిపోవాలి. వేళ్లు పట్టేంత కుండీ చాలు, పెద్ద తొట్టి అక్కర్లేదు.

మొదలును కుండీకి తాళ్లతోనో తీగతోనో గట్టిగా కట్టేయాలి. కొత్తగా పుట్టే వేరు దారప్పోగు కన్నా సన్నం. గాలికి కాండం వెంట్రుకవాసి ఊగినా అది తెగుతుంది. రోజూ నీళ్లు పోసే మనిషి, పట్టు దొరికిందో లేదోనని మొదలు పట్టుకొని ఊపి చూస్తే చాలు, ఆ పూట పుట్టిన వేళ్లన్నీ పోయినట్టే.

మొదటి చిగురు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. జువ్వి మోడును దగ్గరగా చూడండి. రెండో వారం దాటాక, పాత నరుకు అంచున, బెరడు కొంచెం ఉబ్బుతుంది. గోరంత బొడిపె. రెండు రోజులకు బెరడు చీలి, లోపలి నుంచి గులాబి రంగు పొరలో చుట్టుకున్న సూదిలాంటి మొగ్గ బయటికొస్తుంది. ఆ పొర ఎండి రాలాక చిన్న ఆకు విచ్చుకుంటుంది. లేత తమలపాకులా పారదర్శకంగా, అటువైపు వేలు పెడితే ఇటు కనిపించేంత పలచగా ఉంటుంది. తర్వాత ఇంకోటి, ఆపైన పది. నెల తిరిగేసరికి మోడంతా పచ్చగా ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లు కూడా, ఏం చేయి అండీ మీది, అనేస్తారు.

ఆ ఆకుల్లో చాలావరకు కుండీలోంచి తీసుకున్నది ఏమీ లేదు. చెట్టు మంచి రోజుల్లో తయారుచేసుకున్న పిండిపదార్థాన్ని కాండంలో, లావు వేళ్లలో దాచుకుంటుంది. పంట లేని ఏడు గాదెలో గింజలు తీసి వండుకున్నట్టు, ఆ నిల్వ ఖర్చు పెట్టి ఈ మొదటి చిగురు వేస్తుంది. ఆ ఆకు ముదిరి, ఎండను పట్టుకొని ఆహారం తయారుచేసి కిందికి పంపితే, దానితో వేరు పుడుతుంది. వేరు నీళ్లు పంపితే ఆకు నిలుస్తుంది. ఈ లావాదేవీ కుదిరేలోపు గాదె ఖాళీ అయితే, నిన్నటిదాకా పచ్చగా ఉన్న మోడు వారం రోజుల్లో నల్లబడుతుంది. వానలు తగ్గి, ఎండ చురుక్కుమనే సెప్టెంబరులోనో, అక్టోబరులోనో ఇది ఎక్కువగా జరుగుతుంది. బాగా వచ్చిన చెట్టుకు ఏ దిష్టో తగిలిందంటారు. తగిలింది మన చెయ్యే.

చిగురు కనిపించగానే మనం చేసే పనులు గుర్తు చేసుకోండి. నీడలోంచి తీసి ఎండలో పెడతాం. బలం రావాలని గుప్పెడు ఎరువు వేస్తాం. అక్కర్లేని చోట వచ్చిన పిలకల్ని గిల్లేస్తాం. ఆకారం ఇప్పుడే తెద్దామని తీగ చుడతాం. మనసు ఆగక ఒక పక్క మట్టి తవ్వి వేరు వచ్చిందేమో చూస్తాం. విడివిడిగా చూస్తే వీటిలో తప్పుడు పని ఒక్కటీ లేదు. అన్నీ బోన్సాయ్ పనులే, వేళ తప్పి చేసినవి. ఎరువులోని లవణాలు లేతవేరును కాల్చేస్తాయి. గిల్లేసిన పిలక, వేరుకు తిండి పంపాల్సిన పిలకే. మొదటి ఏడాది కాండం మీద ఎక్కడ ఏ పిలక వచ్చినా, వంకరగా వచ్చినా, గుంపుగా వచ్చినా, వదిలేయండి. అందం రెండో ఏటి మాట.

మధ్యాహ్నం పూట ఆకు వాలిపోతే వెంటనే చెంబు ఎత్తకండి. ఒక వెదురు పుల్లను కుండీలో గుచ్చి ఉంచి, రోజూ తీసి చూడండి. పుల్ల చల్లగా, తడిగా వస్తే లోపల నీళ్లున్నాయి, తాగే వేరే లేదు. అప్పుడు కావలసింది నీడ, ఆకు మీద సన్నటి తుంపర. పుల్ల పొడిగా వస్తేనే నీళ్లు. సాయంత్రానికి ఆకు తనంత తానే లేస్తే చెట్టు లెక్క సరిపోతున్నట్టే.

నీళ్లలో కలిపితే వేళ్లు తన్నుకొస్తాయని బి1 విటమిన్ సీసాలు అమ్ముతారు. ఆ డబ్బుతో షేడ్‌నెట్ కొనుక్కోండి. తెల్లటి పాలిథిన్ సంచిని మోడు మీద డేరాలా కప్పడం మాత్రం నిజంగా పనిచేస్తుంది, కాకపోతే పూర్తి నీడలోనే. ఎండ తగిలితే లోపల చెట్టు ఉడికిపోతుంది. చిగుర్లు ముదిరాక సంచికి ఒక చిల్లు, వారానికి ఇంకొకటి, ఆ తర్వాత మూతి విప్పడం. ఒక్కరోజులో తీసేస్తే తేమకు అలవాటైన ఆకు మధ్యాహ్నానికే వడలిపోతుంది.

బాల్డ్ సైప్రస్ వాళ్లు చేసేది

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చిత్తడి నేలల్లో బాల్డ్ సైప్రస్ అనే చెట్టుంది. లూసియానాకు 1963 నుంచి రాష్ట్ర వృక్షం. హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉంటున్న మన పిల్లల్ని అడగండి, వీధి పక్కన రోజూ కనిపించే చెట్టే అంటారు. సూదులాంటి ఆకు ఉండి కూడా చలికాలంలో బోడిగా నిలబడుతుంది, ఆ పేరు అందుకే. నార్త్ కరోలినాలో బ్లాక్ రివర్ ఒడ్డున ఉన్న ఒక సైప్రస్‌కు కనీసం 2,624 ఏళ్ల వయసుందని 2019లో ప్రకటించారు. అక్కడి బోన్సాయ్ వాళ్లకు తవ్వి తెచ్చిన చెట్టంటే ముందు గుర్తొచ్చేది ఇదే. వయసు మళ్లిన సైప్రస్‌లు పైన గొడుగులా చదునుగా విస్తరిస్తాయి. ఆ ఆకారాన్ని కుండీలోకి తెచ్చినవారిలో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన వాన్ బాంటింగ్‌ది పెద్ద పేరు.

ఆకు లేని చలికాలపు చివర్లో, రెండు మూడడుగుల ఎత్తున కాండాన్ని అడ్డంగా కోసేసి, అడుగున వేళ్లను చదునుగా రంపంతో కోసి, ఒక తొట్టిలో నాటతారు. వసంతంలో కాండం నిండా మొగ్గలు పగులుతాయి. అనుభవమున్నవాళ్లు ఆ ఏడాదంతా ఒక్క కొమ్మా తుంచరు. పైన పిలకలు అడుగు, అడుగున్నర సాగి, వేరు తొట్టినిండా పాకాకే ఏ కొమ్మ ఉంచాలో ఎంచుకుంటారు.

ఇది చదివి, వీడియోలు చూసి, మనవాళ్లు కొందరు అందులోంచి తప్పు ముక్క పట్టుకున్నారు. సైప్రస్ తొట్టిని నీళ్ల పళ్లెంలో నిలబెడతారు. అది చిత్తడిలో పుట్టిన చెట్టు, దాని వేరుకు నీళ్లలో ఊపిరాడుతుంది. రావిని అలా నిలబెడితే అడుగు నుంచి కుళ్లుకొస్తుంది. నీళ్ల పళ్లెం వాళ్ల చెట్టు స్వభావం. ఏడాదిపాటు చేతులు కట్టుకొని కూర్చోవడం మాత్రం ఏ దేశపు చెట్టుకైనా పనికొస్తుంది, మనం తెచ్చుకోవలసింది అది.

మన దగ్గరా పెద్ద ఉదాహరణ ఉంది. రాజన్న సిరిసిల్ల జిల్లా సుద్దాలలో డెబ్బై ఏళ్ల మర్రి వానలకు వేళ్లతో సహా ఒరిగిపోయింది. పడిన చెట్టును కట్టెలకు కొట్టకుండా, ఆ ఊరివారే నీళ్లు పోస్తూ వచ్చారు. ఎండిపోయిందనుకున్న మాను చిగురించింది. ఆ తర్వాతే, 2022 ఫిబ్రవరిలో, కొమ్మలు తగ్గించి, భారీ క్రేన్లతో లేపి సిరిసిల్ల దగ్గర తిరిగి నాటారు. పత్రికల్లో క్రేన్ల ఫొటోలే పడ్డాయి. ఫొటోకెక్కని ఆ నీళ్ల మోతే అసలు పని అని నా అభిప్రాయం.

ఊరుకోవడం ఎలా

ఓపిక గురించి ఈ పుస్తకంలో విడిగా అధ్యాయం రాయలేదు. ఓపిక పట్టు, ఓపిక పట్టు అని మనసుకు చెప్పుకుంటే వచ్చేది విసుగే. చెయ్యి ఆగాలంటే ఏర్పాటు కావాలి. కోలుకుంటున్న చెట్టును రోజూ తిరిగే దారిలో, కూర్చుని కాఫీ తాగే చోట పెట్టకండి. పెరటి గోడ వెనక, పొద్దుటి ఎండ గంటో రెండు గంటలో తగిలే మూల చాలు. కత్తెర, తీగ ఇంకో గదిలో ఉండాలి. ఎలాగూ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది కాబట్టి పక్కన ఒక పని చెట్టు ఉంచుకోండి. నర్సరీలో కొన్న కాగితం పూలమొక్కో, నందివర్ధనమో. గిల్లడం, వంచడం, తీగ చుట్టడం, అన్నీ దాని మీద తీర్చుకోండి. ఒక్క చెట్టే ఉన్నవాడి చేతిలో ఆ ఒక్కటీ నలిగిపోవడం ఎన్ని ఇళ్లలో చూశానో.

ఇంకోటి, కాగితం మీద పెట్టడం. వారానికొక రోజు, ఆదివారమనుకోండి, తేదీ వేసి మూడు సంగతులు రాయండి. ఆకు రంగు, పొడవైన పిలక పొడవు, మధ్యాహ్నం వాలిందా లేదా. రాస్తూ పోతే మీకే ఒక క్రమం కనిపిస్తుంది. మొదటి చిగురు గబగబా వచ్చి, ఒకచోట ఆగిపోతుంది. వారం, రెండు వారాలు, ఒక్కోసారి నెలకు పైన, పిలక అంగుళం కూడా కదలదు. చాలామంది ఇక్కడే భయపడి ఎరువు వేస్తారు. ఆ ఆగిన కాలంలోనే కింద వేరు పుడుతోంది. ఆ తర్వాత వచ్చే రెండో చిగురు చూడగానే తేడా తెలుస్తుంది. ఆకు మందంగా, మెరుస్తూ, మొదటిదానికంటే పెద్దదిగా ఉంటుంది, కణుపుకూ కణుపుకూ మధ్య దూరం పెరుగుతుంది, మధ్యాహ్నం వాలదు. కుండీ అడుగు చిల్లులోంచి తెల్లటి వేరు కొస తొంగిచూస్తే ఇక అనుమానమే లేదు. సన్నగా కలిపిన మొదటి ఎరువు అప్పుడు వేయండి, చెట్టును కొంచెం కొంచెంగా ఎండలోకి జరపండి.

అసలు చిగురే రాకపోతే? మూడు నెలలకే పారేయకండి. గోటితో బెరడు మీద చిన్నగా గీయండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. రావి, మర్రి, జువ్వి అయితే సూదితో గుచ్చితే పాల బొట్టు నిలబడుతుంది. పైన గోధుమ రంగు కనిపిస్తే కిందికి వచ్చి గీయండి, మొదట్లో పచ్చగా ఉన్నా ఆశ వదలొద్దు. వానాకాలంలో మూతి బిగించుకుని కూర్చున్న మోడు ఫాల్గుణంలో కళ్లు విప్పడం కొత్తేమీ కాదు. బెరడు ముడతలు పడి, వేలితో నొక్కితే లోపలికి పోయి, కల్లు కుండ పులిసిన వాసన వస్తుంటే మాత్రం పోయినట్టే. కుండీ కడిగి, ఆ మన్ను ఎండలో ఆరబోసి పక్కన పెట్టండి.

మొదటి ఎండాకాలం గడవడం ఇంకో పరీక్ష. భద్రాద్రి కల్యాణం అయిన దగ్గర్నుంచి తొలకరి దాకా కుండీ సిమెంటు నేల మీద ఉండకూడదు. సిమెంటు వేడికి కుండీలో వేరు ఉడుకుతుంది. పలక మీదో, తడి ఇసుక మీదో పెట్టి, కుండీ చుట్టూ తడి గోనె కట్టండి. నీళ్లు తెల్లారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి. ఈ రెండున్నర నెలలు ఎరువు, కత్తెర మళ్లీ బంద్.

రెండో ఏడు ఆరుద్ర కార్తెలో, వాన పట్టిన ఒక ఉదయం, కుండీకి కట్టిన తాళ్లు విప్పి, మొదలును ఒక చేత్తో నెమ్మదిగా పక్కకు నొక్కండి. చెట్టుతో పాటు కుండీ కూడా కదిలితే వేరు పట్టింది, ఉంచదలచుకున్న కొమ్మలు నాలుగైదు ఎంచుకొని మిగిలినవి తీయండి, తీగ కూడా చుట్టుకోవచ్చు. మొదలు ఒక్కటే కదిలితే తాళ్లు మళ్లీ కట్టి, ఇంకో ఏడాది అలాగే ఉంచండి.